పళ్ళు లేని ఫోటో, తలుపు లేని పెట్టె

పెళ్ళిలో పోజులు ఒక పూటే. ఆల్బమ్‌కి ఫోటోలు ఏరేటప్పటి పేచీలు మాత్రం వారం. నర్సీపట్నంలోని నా స్టూడియోకి ఆ పని మీద రెండు ఆటోల నిండా చుట్టాలు దిగేవారు.

"మా మరిది కళ్ళు మూసుకున్నాడు, ఇది తీసెయ్యండి."

"మరిదిని ఉంచండి, పక్కనున్న తోడికోడల్ని తీసెయ్యండి."

ఈ రద్దీ పడలేక, ఫోటోలన్నీ దాచి నెట్‌లో చూపించే డిస్కుల పెట్టె ఒకటి కొన్నాను. పెట్టెను నడిపే పేజీని బయటినుంచీ తెరుచుకునేలా పెట్టి, ఫోటోల లింకులు పంచాను. ఎవరింట్లో వాళ్ళు పేచీ పడతారు, నాకు వినబడదు.

పాస్‌వర్డ్ ఇరవై అక్షరాలు. నాకే గుర్తుండేది కాదు, అంత గట్టిది. ఆ పేజీలో లోపం ఉంది, అప్‌డేట్ చేసుకోమని పెట్టె రోజూ అడిగేది. పెళ్ళిళ్ళ సీజన్లో రీస్టార్టా? రోజూ "రేపు" అన్న బటన్ నొక్కేవాణ్ణి.

ఒక ఉదయం మాకవరపాలెం నుంచి ఫోన్. ఆ మధ్య చర్చిలో నేను ఫోటోలు తీసిన పెళ్ళికూతురి పిన్నిగారు, స్కూల్లో కంప్యూటర్ టీచరు.

"అన్నయ్యగారూ, మీ లింకు చివరున్న తోక చెరిపి చూశానండి. పాస్‌వర్డ్ అడక్కుండానే పెట్టె మొత్తం తెరుచుకుంది. ఎస్. రాయవరం వాళ్ళ పెళ్ళి భోజనాలూ చూసేశాను."

"వంటలెలా ఉన్నాయండీ?" అన్నాను, విషయం బుర్రకెక్కక.

"డిలీట్ బటన్ కూడా ఉందండీ ఇక్కడ! మా అమ్మ ఫోటో అందులోనే కదా? ముందు వైరు పీకండి, తరవాత మాటాడుదురు గాని."

అప్పుడెక్కింది. తాళం గట్టిదే, పక్కన గోడే లేదు. ఎనభై ఏళ్ళ వాళ్ళమ్మగారు కెమెరా చూస్తే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. మనవరాలి పెళ్ళిలో పకపకా నవ్వుతుంటే ఒక్కటి దొరికింది. కెమెరా కార్డేమో మర్నాటి పెళ్ళికని చెరిపేశాను. ఆవిడ ఫోటో భూమ్మీద ఆ పెట్టెలో తప్ప ఎక్కడా లేదు.

ఏ వైరో తెలియక అన్నీ పీకేశాను. పక్క టీకొట్టులో పాట ఆగిపోయింది. కొట్టాయన పాడించేది నా వైఫై మీదేనని ఆరోజే తెలిసింది.

గంటలో టీచరుగారు అమ్మగారిని వెంటబెట్టుకుని దిగారు. పెట్టెను నేరుగా కంప్యూటరుకి కలిపి చూశాం. ఫోటో ఉంది. అప్‌డేట్ సంగతి, బయటి దారి మూసే సంగతి టీచరుగారు చూస్తుంటే, నేను ముందు ఆ ఫోటో ప్రింటు తీసి పెద్దావిడ చేతిలో పెట్టాను.

ఆవిడ దూరంగా పట్టుకుని చూశారు.

"ఏటి బాబూ, దీని కోసమేనా ఇంత పరుగు? ఆ రోజు పళ్ళెట్టుకోడం మర్సిపోనాను. పోతే పోనిద్దువు!"

సంచిలోంచి డబ్బీ తీసి, పళ్ళు పెట్టుకుని, నా స్టూలు మీద నిటారుగా కూర్చున్నారు. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"బేగి తియ్యి. ఇది మాత్రం ఆ పెట్టెలో ఎట్టకు."