ఫింజాన్ ఊపడం తెలియక

అది శుక్రవారం. మస్కట్ దగ్గరి బర్కాలో మా రూమ్ బయట నీడలో కూర్చొని, మా రూమ్‌లోనే ఉండే సాయిలుకు అతని భార్య రాసిన ఉత్తరం చదివి వినిపిస్తున్నాను. నాలుగు వరుసలు బాగానే సాగాయి. ఐదో వరుసకు అక్షరాలు నీళ్లలో పడ్డట్టు కదిలాయి. కళ్లు నులుముకున్నాను. కాగితాన్ని దూరం పెట్టి చూశాను, దగ్గర పెట్టి చూశాను.

"ఏందన్నా, ఆగినవ్? ఏమన్న చెడు రాసిందా?" అన్నాడు సాయిలు.

"చెడు లేదు గిడు లేదురా. నీ పెండ్లాం రాత కోడి గెలికినట్టున్నది."

నిజానికి ఆమె రాత ముత్యాల్లా ఉంటుంది. అబద్ధం నాది.

నేను బడి మొహం చూడలేదు. ముప్పై దాటాక మస్కట్‌లో సైట్ పని చేసేటప్పుడు, ఊరి నుంచి వచ్చిన వాళ్లు సామాను చుట్టి తెచ్చిన పాత తెలుగు పేపర్ల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాను. ఉత్తరాలు చదవడానికి, రాయడానికి అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. అంత కష్టపడి సంపాదించిన అక్షరాలను ఎవరో వెనక్కి గుంజుకుంటున్నట్టు అనిపించింది ఆ రోజు. ఎనభైల ఆఖరు మాట ఇది.

అంతకు ముందు నెలల సంగతి చెప్పాలి. ఆ యేడే కంపెనీ వదిలి ఒక అర్బాబ్, అంటే యజమాని, ఖర్జూర తోటలో చేరాను. రంజాన్ వచ్చింది. రూమ్‌లో జబ్బార్ భాయ్ అని జగిత్యాల వైపు మనిషి, తోటలోనూ నాతోనే పని, రోజా అంటే పగటి ఉపవాసం ఉండేవాడు. తెల్లవారకముందు సహరీ తినడానికి లేచి నన్నూ లేపేవాడు. "ఒక్కన్ని తింటే సయించదు లింగన్నా, కూసో." కూర్చునేవాణ్ని. పగలు తలుపేసుకొని నా అన్నం నేను తినేవాణ్ని. పొద్దుగూకాక మసీదు దగ్గర పెద్ద పళ్లెం చుట్టూ అందరితో మళ్లీ తినేవాణ్ని. ఒక్క రోజా ఉండకుండా, ఉన్నవాళ్లకంటే ఎక్కువ రంజాన్ నేనే తిన్నాను. పండుగకు మేకమాంసం, హల్వా. అవి అరిగేలోగా తోటలో పండు దిగింది.

పని అయ్యాక సాయంత్రం అర్బాబ్ తండ్రి, తెల్లగడ్డం పెద్దాయన, మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి కహ్వా పోసేవాడు. చక్కెర లేని చేదు కాఫీ. చిట్టి కప్పు, ఫింజాన్ అంటారు. చేదు విరగడానికి పక్కన ఖర్జూరం. తాగి కప్పు ఇస్తే మళ్లీ నింపేవాడు. పెద్దమనిషి పోస్తుంటే వద్దనడం మర్యాదా? మళ్లీ తాగేవాణ్ని, మళ్లీ రెండు పండ్లు నోట్లో వేసుకునేవాణ్ని. ఆయన ఆగడు, నేను ఆగను.

ఆ తరువాత దాహం మొదలైంది. ఎంత తాగినా నాలుక ఎండేది. గంటకోసారి మూత్రానికి పోవాల్సి వచ్చేది. ఎండాకాలం కదా అనుకున్నాను. అక్షరాలు కదిలాకే భయం పుట్టి క్లినిక్‌కు పోయాను.

డాక్టరు కేరళ ఆయన. మాకు ఆయనకు మధ్య హిందీయే. వేలు పొడిచి చూసి, "షుగర్ హై. మీఠా బంద్ కరో. చావల్ కమ్ కరో" అన్నాడు.

"డాక్టర్ సాబ్, ఆంఖ్?"

"షుగర్ కంట్రోల్ హోగా తో ఆంఖ్ ఠీక్ హోగా."

షుగర్ తగ్గితే కన్ను బాగవుతుందట. తగ్గకపోతే ఏమవుతుందో చెప్పలేదు, నాకు అడగడానికి నోరు రాలేదు. టాబ్లెట్ రాసి, పది రోజులకు "ఫాస్టింగ్ మే ఆనా" అని పంపించాడు.

చాయ్‌లో చక్కెర మానేశాను. ఖర్జూరం మానలేదు. షుగర్ అంటే దుకాణంలో తెల్లగా దొరికేది గాని, చెట్టుకు కాసేది షుగర్ ఎట్లా అవుతుంది? అన్నం తగ్గించమన్నాడు సరే, ఎంత తగ్గించాలి? నేను తినేదాంట్లోనా, ఆయన తినేదాంట్లోనా?

ఫాస్టింగ్ సంగతి మాత్రం నాకు బాగా తెలుసనుకున్నాను. నెలంతా కళ్లారా చూసినవాణ్ని. టెస్ట్ రోజు చీకటితోనే లేచి, ఇక రోజంతా తిండి ఉండదు గదా అని కడుపునిండా అన్నం తిని, అప్పటినుంచి ఉమ్మి కూడా మింగకుండా పోయాను.

"ఫాస్టింగ్ హై నా?" అని సిస్టర్ అడిగింది.

"పక్కా ఫాస్టింగ్ సిస్టర్. పానీ భీ నహీ."

రిపోర్టు చూసి డాక్టరు మొహం చిట్లించాడు. డోస్ పెంచాడు. ఇంకో పది రోజులకు అట్లాగే పోయాను. ఈసారి అరిచాడు. మళ్లీ పెంచాడు. మానేసినా పెరిగే జబ్బేమిటో నాకు అంతుబట్టలేదు. భయపడి మామూలు రోజుల్లో తిండి సగం చేశాను, ఒక్కోపూట మానేశాను. టాబ్లెట్లు మాత్రం మానలేదు.

ఒక మధ్యాహ్నం చెట్లకు నీళ్లు మళ్లిస్తుంటే చేతులు వణికాయి. చెమట కారిపోయింది. కాలువలోనే కూలబడ్డాను. జబ్బార్ భాయ్ ఉరికొచ్చి నా నోట్లో ఖర్జూరం పిసికి పెట్టాడట. వద్దన్న తీపే ఆ పూట ప్రాణం నిలిపింది.

క్లినిక్‌లో డాక్టరు "లో హో గయా" అన్నాడు. మొన్నటిదాకా ఎక్కువ, ఇవాళ తక్కువ! ఆయనకూ అర్థం కాలేదు. "ఫాస్టింగ్ మే ఇత్నా, ఫిర్ లో కైసే?" అని తల పట్టుకున్నాడు.

పక్కన నిలబడ్డ జబ్బార్ భాయ్ మెల్లగా అన్నాడు: "సాబ్, యే సహరీ ఖాకే ఆయా థా." నేను సహరీ తిని వచ్చానని.

"సహరీ?" డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. ఇద్దరూ హిందీలో ఏదో మాట్లాడుకున్నారు. జబ్బార్ భాయ్ నా వైపు తిరిగి నెత్తి కొట్టుకున్నాడు. "అరే లింగన్నా, నిన్ను పరిగడుపున రమ్మన్నరే!"

పరిగడుపు! పసరు మందు తాగించే ముసలమ్మలకు కూడా తెలిసిన మాట. రాత్రి తిన్నాక మళ్లీ ఏమీ తినకుండా, పొద్దున్నే ఖాళీ కడుపుతో. ఆ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే కాలువలో పడేవాణ్నా? నేను చదువు లేనివాణ్నే గాని తెలివి లేనివాణ్ని కాను. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. అడగనందుకు నా మీద కూడా ఉంది.

డాక్టరు ఆ రోజు మొదటిసారి కుర్చీ చూపించాడు. డోస్ తగ్గించాడు. రోజుకు ఎన్ని ఖర్జూరాలని అడిగాడు. లెక్కపెట్టలేదన్నాను.

సాయంత్రం పెద్దాయన కహ్వా పోయబోతే కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. జబ్బార్ భాయ్ అరబీలో సంగతి చెప్పాడు. పెద్దాయన పొట్ట పట్టుకొని నవ్వి, తన ఫింజాన్‌ను రెండు వేళ్లతో అటూ ఇటూ ఊపి చూపించాడు. "ఖలాస్!" అన్నాడు. ఊపితే చాలని అర్థం. ఊపకపోతే ఇంకా పొయ్యమని.

"మీరందరు ఊపుడు నేను చూడనేలేదు గదా! నువ్వన్న చెప్పకపోతివి?" అన్నాను జబ్బార్ భాయ్‌తో.

"నీకు కహ్వా అంటే పాయిరమేమో అనుకున్న. 'వీని దాహం తీరదేంది' అని పెద్దాయన పరేషాన్ అయితుండె."

ఎట్లా చూస్తాను? నా చూపంతా ఖర్జూరాల పళ్లెం మీదే ఉండేది.

ఆ రోజు ఒక్క కప్పు తాగాను. ఒక్క ఖర్జూరం తీసుకొని మూడు సార్లు కొరికాను. పలచటి పొట్టు, కింద మెత్తదనం, గింజ దగ్గర కొంచెం వగరు. అన్ని నెలలు తిన్నాను గాని దాని రుచి అప్పుడే తెలిసింది. కప్పు ఊపాను. అన్నం దగ్గరా అదే పద్ధతి పెట్టుకున్నాను. మరుసటి రంజాన్‌లో ఒక వారం మళ్లీ జారాను. అక్షరాలు మళ్లీ అలుక్కుపోతే నేనే భయపడి దారికొచ్చాను.

మొదటిసారి అక్షరాలు కుదురుకోవడానికి నెలన్నర పట్టింది. ఆలోగా సాయిలు పట్టుబట్టి భార్యకు నాతోనే ఉత్తరం రాయించాడు, రాత బాగా లేదని. జవాబొచ్చింది. ఒక్కో అక్షరం రేగుపండంత. "ఇప్పుడన్న కనబడుతున్నదా?" అని మొదలుపెట్టింది. అది గడగడా చదివి, "తప్పు ఆమె రాతది కాదురా, నా కండ్లది" అని సాయిలుకు ఒప్పేసుకున్నాను.

ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. టాబ్లెట్ ఉంది, పేపరు చదవడానికి కళ్లజోడుంది, టెస్టుకు పరిగడుపునే పోతున్నాను. చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. మొదటి వడ్డన అయ్యాక వెంటనే రెండోది పెట్టించుకోకండి. ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకొని, ఇంకా ఆకలి ఉందా అని కడుపును అడగండి. లేదని చెబితే గ్లాసు ఊపి లేవండి.

నా భార్య గంటె పట్టుకొని వచ్చి రోజూ అదే మాట అంటుంది. "ఇగ ఊపిండు ముసలోడు. గిన్నెలు కడుక్కోవచ్చు."