నలభైతొమ్మిదికీ నూట ఎనిమిదికీ మధ్య

మిషనమ్మ అన్నది ఆఫీసు పెట్టిన పేరు. ఆమె ఎదుట ఆ మాట అనేంత గుండె ఎవరికీ లేదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు టైపు కొట్టింది. ఇన్నేళ్ళలో తన పనికి ఒక్కరి చేతా వంక పెట్టించుకోలేదు, ఒక్క మనిషికీ వంక పెట్టకుండా వదల్లేదు. ఇంకో నలభై రోజుల్లో రిటైరవుతుందనగా సూపరింటెండెంటు ఆమెకు మెమో ఇచ్చాడు. పదడుగుల దూరంలో కూర్చునే మనిషి, తనే లేచి వచ్చి ఇవ్వొచ్చు. అటెండరు చేత పంపించాడు.

పాత రిజిస్టర్లలోని తొమ్మిది వేల పుట్టుకలను కంప్యూటర్లోకి ఎక్కించమంటే, అందులో మూడో వంతు ఎక్కించకుండానే పని పూర్తయినట్టు చూపించారనీ, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది.

"ఎక్కించకుండానే" అన్న మాట దగ్గర ఆమెకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళు ఆ చిరుగుల రిజిస్టర్ల దుమ్ము మింగిన మనిషి మరి. ఈ ముక్క సర్వీసు రిజిస్టరులోకి ఎక్కిందంటే ముప్పై ఒక్క ఏళ్ళ పరువూ గంగపాలే. ఇంటికెళ్ళి చూపిస్తే మొగుడు కళ్ళజోడు సర్దుకుని, "ఏదో ఒకటి రాసి పడేయరాదూ, నలభై రోజులేగా" అన్నాడు. ఆ పూట ఆయన కంచంలో కూర కంటే ముందు గరిటె చప్పుడు పడింది.

గొడవ మూడు నెలలుగా నడుస్తూనే ఉంది. పాత రిజిస్టర్లన్నీ కట్టగట్టి ఊరవతల గోదాములో పడేశారు. ఇప్పుడు సర్టిఫికెట్టు కావాలంటే కొత్తగా వచ్చిన ఆపరేటరు కంప్యూటర్లో నంబరు కొట్టి వెతకాలి. దొరికిందా, సరే. దొరక్కపోతే "మీది లేదు, వెళ్ళండి" అంటుంది, తల కూడా ఎత్తకుండా. అలా వెళ్ళినవాళ్ళు వందల్లో ఉన్నారు.

మెమో వచ్చిన మర్నాడు ఒకావిడ తన కొడుకు సర్టిఫికెట్టు కోసం నాలుగోసారి వచ్చింది. చీటీ మీద రిజిస్టరు నంబరు 1171 అని ఉంది. ఆపరేటరు కొట్టింది. లేదంది కంప్యూటరు.

"అయితే నా కొడుకు పుట్టనే లేదా?" అని ఆవిడ కౌంటరు మీద గుద్దింది.

మిషనమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "వెతకడం ఆపి జాబితా కిందికి జరుపు. ఇంకా కిందికి. అదిగో! కళ్ళు కనబడట్లా నీకు?"

1171 తెర మీద నిక్షేపంలా ఉంది. వెతికితే లేదు, చూస్తే ఉంది.

సూపరింటెండెంటు వచ్చి తొంగిచూశాడు. "మెమో అందాక నిన్న సాయంత్రం కూర్చుని చేర్చి ఉంటారు" అన్నాడు, అదేదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు. ఎంత నీచమైన మాట! మిషనమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆపరేటర్ని లేవగొట్టి, తనే కూర్చుని 1171 కొట్టింది. టక్కున దొరికింది.

మళ్ళీ ఆపరేటరు కొట్టింది. లేదు. మిషనమ్మ కొట్టింది. ఉంది.

"ఈసారి మెల్లిగా కొట్టు, నీ వేళ్ళు చూడాలి" అంది మిషనమ్మ. ఆపరేటరు వేలు పై వరసకి, ఎడమ మూలన ఉన్న అంకె మీదికి పోయింది. మిషనమ్మ తన కుడిచేతి ఉంగరపు వేలు వంక చూసుకుంది. అది అక్షరాల వరసలో, చిన్న ఎల్ మీద ఉంది.

ఆమె టైపు నేర్చిన మిషను మీద ఒకటి అంకెకు మీటే లేదు. చిన్న ఎల్ కొట్టండి, కాగితం మీద రెండూ ఒకే నిలువు గీత అని నేర్పారు. ఆ కాలపు టైపిస్టులంతా అలాగే కొట్టారు. కంప్యూటర్లో ఆ మీట ఉందని ఆమెకు తెలుసు, కానీ వేళ్ళకి తెలీదు. ఈ తెర మీద కూడా రెండూ ఒకే గీతలా కనబడేసరికి అనుమానమే రాలేదు.

"దానికి గీతలు తెలీవు ఆంటీ" అంది ఆపరేటరు, వెటకారంగా. ఆంటీ అంటే మిషనమ్మకు చిర్రెత్తుకొస్తుందని తెలిసే అంటుంది. "ప్రతి గుర్తుకీ ఒక నంబరుంటుంది. ఒకటి అంకెకి నలభైతొమ్మిది, చిన్న ఎల్‌కి నూట ఎనిమిది. లోపల అవి కూడా ఉత్త సున్నాలూ ఒకట్లే. 110001 అంటే అంకె, 1101100 అంటే అక్షరం. మీ కంటికి ఒకేలా ఉంటే దానికేంటి?"

"అంటే తప్పు మీదేగా" అన్నాడు సూపరింటెండెంటు, ముఖం వెలిగిపోతూ.

"తప్పు నాదే. ఎక్కించలేదన్నది మాత్రం అబద్ధం. మెమోలో ఆ ముక్క కొట్టేయండి."

"అది నేను చూసుకుంటాలే. ముందు ఈ ఎల్‌లన్నిటినీ ఒకట్లు చేసేద్దాం."

"నంబర్ల వరసలోనే చేయండి సార్. పేర్లలో కూడా ఎల్‌లు..."

"నాకు నేర్పక్కర్లేదమ్మా." మౌస్ లాక్కుని, మొత్తం జాబితాలో మార్చి, సేవ్ కూడా కొట్టేశాడు. తెర మీద ఏ తేడా కనబడలేదు. 1171 దొరికింది. సర్టిఫికెట్టు అచ్చయి వచ్చింది. అచ్చులో అక్షరాల తీరు వేరు, అంకెలు స్పష్టంగా కనబడతాయి.

"నా కొడుకు పేరు మధ్యలో ఈ ఒకటేంటండీ?" అని అడిగింది ఆవిడ.

సూపరింటెండెంటు కాగితం లాక్కుని చూశాడు. వేల పేర్లలో ఒకటి అంకెలు దూరాయి. వెనక్కి తిప్పమంటే, మీరే సేవ్ కొట్టారుగా సార్ అని ఆపరేటరు చేతులెత్తేసింది.

మిషనమ్మకి మాత్రం దారి అప్పటికే తట్టింది. మనుషుల పేర్లలో అంకెలుండవు. పేర్లన్నీ తను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టింది. కాబట్టి ఆ వరసలో ఉన్న ప్రతి నలభైతొమ్మిదీ ఇందాకటిదాకా నూట ఎనిమిదే. అయినా నోరు విప్పకుండా బల్ల మీది మెమో తెచ్చి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టింది.

"కొట్టేయండి. పక్కన సంతకం పెట్టండి. అప్పుడు చేస్తాను."

కౌంటరు అవతల క్యూ అంతా చూస్తోంది. ఆయన ముఖం మాడ్చుకుని ఆ మాట కొట్టేసి సంతకం గీకాడు. ఆమె పేర్ల వరసను మాత్రమే ఎంచుకుని, అంకెను తీసి అక్షరం పెట్టింది. అర నిమిషం పట్టలేదు.

"ఇంతేనా!" అన్నాడాయన.

"ఇంతే. తెలిసుండాలి."

గెలిచిన ముఖంతో ఆమె సర్టిఫికెట్టు మళ్ళీ అచ్చు తీసి, ఆవిడకు తనే అందించింది. ఆవిడ కొడుకు పేరు అక్షరం అక్షరం చదువుకుని తలెత్తింది.

"ఇవన్నీ ఎక్కించింది మీరేనా?"

"నేనేనమ్మా. తప్పు నాదే."

"పోయిన నెల మావాడికి ఉద్యోగం వచ్చింది. ఈ కాగితం లేదని ఇంకొకరికి ఇచ్చేశారు." ఆవిడ మిషనమ్మ చేతిలోని మెమోను చూసింది. "మీ మీద రాసింది కొట్టేయించుకున్నారుగా. మరి నాది?"

మిషనమ్మ మెమోను బల్ల మీద బోర్లా పెట్టింది. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.