వదినా, నేనూ, ఓర్కాలూ

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి సోఫాలో నా పక్కన చేరి ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఒడ్డుకు బాగా దగ్గరలో ఒకాయన తన మానాన తాను ఈదుకుంటున్నాడు. ఆయన వెనకే నల్లటి రెక్క ఒకటి నీళ్ళను కోసుకుంటూ వస్తోంది. "హి హాజ్ నో ఐడియా, మమ్" అంది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ వేయమన్నాను. "మీ అత్తతో నేనూ ఒకసారి ఇలాగే..." అని మొదలుపెడితే నవ్వేసింది. దాన్ని అనడానికీ లేదు. ఇంటి ముందు బస్సెక్కడానికే రెండుసార్లు ఆలోచించే తల్లి ఓర్కా తిమింగలాల మధ్య ఈదానంటే ఏ పిల్ల నమ్ముతుంది? అప్పటికి అది ఇంకా పుట్టలేదు కూడా.

అత్తంటే మా ఆయనకు అక్క, నాకు వదిన. కాకినాడలో పుట్టి, అక్కడే వైద్యం చదివి, మత్తు డాక్టరుగా ఈ దేశం వచ్చారు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీల రోటా కుదరలేదు" అనేవారు. అడిగినవాళ్ళు నవ్వాలో ఊరుకోవాలో తెలియక టీ తాగేవారు. ఇంగ్లాండులో నాలుగైదు ఆసుపత్రులు తిరిగి, చివరికి స్కాట్లాండు కూడా అయిపోయాక సముద్రంలో ఇంకా పైకి వెళితే వచ్చే షెట్లాండ్ దీవుల్లో స్థిరపడ్డారు. చెట్టన్నది పెద్దగా కనిపించని చోటు. గొర్రెలు, గాలి, ఎటు చూసినా నీళ్ళు. కాకినాడలో ఆవిడ చిన్నతనంలో సముద్రమంటే ఆడపిల్లలకు చీలమండలు తడిసేవరకే. ఆ బాకీ తీర్చుకోవడానికన్నట్టు, యాభైకి దగ్గర పడ్డాక అక్కడి కౌన్సిల్ వారి ఈతకొలనులో చేరారు. చేతులకు గాలిబుడగలు కట్టుకున్న ఆరేళ్ళ పిల్లల పక్కన నిలబడి, పంతులమ్మ ఈల వేస్తే నీళ్ళలో మొహం పెట్టి ఈత నేర్చుకున్నారు. మరుసటి ఏడాదికి కొలను ఇరుకనిపించి సముద్రంలోకి దిగారు.

రెండువేల ఐదో, ఆరో. మేం ఎడిన్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేసేవారు. ఆ వేసవిలో ఆయన ఒక పని పెట్టుకుని నన్ను షెట్లాండ్‌కు బయల్దేరదీశారు. ఆడమనిషి అంత దూరాన ఒంటరిగా ఎన్నాళ్ళుంటుంది, ఎడిన్‌బర్గ్‌లో మా వీధిలోనే ఫ్లాట్ చూసి ఆవిణ్ణి తీసుకొచ్చేయాలని ఆయన ఆలోచన. చెప్పాల్సిన బాధ్యత మాత్రం నాకు అప్పగించారు. "నేను చెప్తే తమ్ముడు చెప్పినట్టుంటుంది. నువ్వు చెప్తే వింటుంది" అన్నారు. అబర్డీన్‌లో ఓడ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా నేను ఒక గిన్నె పట్టుకుని కూర్చున్నాను. ఆయన పైన కూర్చుని చేపా చిప్సూ తిన్నారు.

వదినగారి ఇల్లు ఒక చిన్న అఖాతానికి ఎదురుగా ఉండేది. ఎండాకాలం అక్కడ పొద్దు గూకినట్టే గూకి ఆకాశం అంచున వేలాడుతుంది కాబట్టి, పడగ్గదికి నల్లటి గుడ్డలు కుట్టి వేలాడదీశారు. మేం తెచ్చిన గోంగూర సీసా చూసి ఆవిడ కళ్ళు ఎంత వెలిగాయంటే, వచ్చిన పని అప్పుడే చెప్పేస్తే పోయేదేమో. చెప్పలేదు. మర్నాటి నుంచి నా ఈత పాఠాలు మొదలయ్యాయి. ఎడిన్‌బర్గ్‌లో కొలను ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళగలిగేదాన్ని, అంతే. ఒళ్ళంతా బిగించే రబ్బరు సూటు తొడగడానికి వదినగారు వెనక నుంచి లాగుతుంటే నేను ముందుకు తూలడం, ఇద్దరం తలుపుకు ఆనుకుని ఆయాసపడడం, ఇదంతా నీళ్ళలోకి దిగకముందే ఒక వ్యాయామం. నీళ్ళు ఎంత చల్లనంటే, మొదటిసారి మెడ దాకా దిగినప్పుడు మా అమ్మ పేరు కూడా గుర్తు రాలేదు. రెండు మూడు రోజులకు అలవాటైంది. ఒడ్డు నుంచి కాస్త దూరాన ఒక బండ ఉంది. దాని దాకా ఈది, పట్టుకుని, ఊపిరి తీసుకుని తిరిగి రావడం మా పాఠం. పక్క రాళ్ళ మీద సీళ్ళనే సముద్రజంతువులు ఎండకు పడుకుని, మీసాలు కదుపుతూ, పెళ్ళికొచ్చిన పెద్దమనుషుల్లా మమ్మల్ని చూసేవి.

ఆ ఉదయం మేం బండ దగ్గరికి చేరుతుండగా రాళ్ళ మీద సీళ్ళు ఒక్కటీ కదలడం లేదు. అన్నీ సముద్రం వైపే తలలు తిప్పి ఉన్నాయి. ఒడ్డున ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ మా ఆయన రెండు చేతులూ ఊపుతున్నారు. టీ చల్లారిపోతోందని పిలుస్తున్నారనుకుని నేనూ చెయ్యి ఊపాను. అప్పుడు వినిపించింది, ప్రెషర్ కుక్కర్ ఆవిరి ఒక్కసారిగా వదిలినట్టు బుస్సుమని ఒక శబ్దం. ఆ వెనకే ఇంకోటి. తల తిప్పితే అఖాతం మూతి దగ్గర నిలువెత్తు నల్ల రెక్క. దాని పక్కన చిన్నవి మూడో నాలుగో. బారులు తీరి, ఒడ్డు వెంబడే మా వైపు వస్తున్నాయి.

నా కాళ్ళు వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. వదినగారు ఒక చేత్తో బండ అంచు పట్టుకుని, రెండో చేత్తో నా భుజం పట్టి తన వైపు లాక్కున్నారు.

"అమ్మాయ్, కాళ్ళు కొట్టకు. నా వైపు చూడు."

"ఒడ్డుకు పోదాం వదినగారూ."

"ఇప్పుడు వద్దు. అవి సీళ్ళ కోసం వచ్చాయి, మన కోసం కాదు. నువ్వు గింజుకుంటే నువ్వూ సీలేమో అని చూడ్డానికొస్తాయి. పది నుంచి వెనక్కి లెక్కపెట్టు. తెలుగులోనే."

ఆపరేషన్ బల్ల మీద మనుషుల్ని నిద్రపుచ్చే గొంతు అదేనని ఆ క్షణాన అర్థమైంది. పది, తొమ్మిది అన్నాను. ఎనిమిది దగ్గర మా పక్కన నీళ్ళు ఉబ్బాయి. ఒక తల్లీ, దాని పక్కకు అతుక్కుని పిల్లా. తల్లి కాస్త పక్కకు ఒరిగింది. కంటి వెనక తెల్లటి మచ్చ, దాని ముందు నల్లని నలుపులో కన్ను. ఆ కన్ను మమ్మల్ని చూసింది. వీధిలో ఎదురుపడ్డ కొత్త మనిషిని చూసినట్టు చూసింది, అంతే. ఊపిరి వదిలితే చేపల వాసనతో తుంపర నా మొహం మీద పడింది. పెద్ద రెక్క వాటి అవతల నుంచి వెళ్ళింది. అది లేపిన అల మా ఇద్దర్నీ మెల్లగా ఎత్తి మళ్ళీ బండకు ఆనించింది. అంత బరువైన ప్రాణి అంత నెమ్మదిగా పోవడం నేనెన్నడూ చూడలేదు. భయం పోయిందని చెప్పను. భయం పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. గుళ్ళో హారతి ఇచ్చేటప్పుడు మాట ఆగిపోతుందే, అలాంటిది. వదినగారి వైపు చూస్తే ఆవిడ నన్ను మరిచిపోయి వాటినే చూస్తున్నారు. ఆ మొహంలో అంతటి సంతోషం నేను ఏ పండక్కీ చూడలేదు.

అవి అఖాతం ఒక చుట్టు చుట్టి, వాటికి కావలసింది అక్కడ దొరకక, ఉత్తరంగా వెళ్ళిపోయాయి. ఆఖరి రెక్క కొండ మలుపు దాటాక మేం ఒడ్డుకు ఈదాం. మా ఆయన మోకాళ్ళ దాకా నీళ్ళలో, బూట్లతోనే నిలబడి ఉన్నారు. ఈత రాదు ఆయనకు. "అక్కా" అంటూ ఫ్లాస్కు మూత తిప్పారు. టీ కప్పు ఇస్తే వదినగారి చేతిలో సగం ఒలికిపోయింది. ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి.

"మీకు కూడా భయమేసిందా?" అన్నాను.

"వెయ్యదా మరి? అది అక్కడ చెబితే నువ్వు మునిగేదానివి" అన్నారు.

ఆ సాయంత్రం గోంగూర అన్నం తింటుంటే మా ఆయనే గొంతు సవరించుకుని ఫ్లాట్ సంగతి ఎత్తారు. వదినగారు ఓపిగ్గా విన్నారు. "నువ్వు నా గురించి బెంగపెట్టుకోవడం బాగుందిరా. కానీ నేనిక్కడికి పారిపోయి రాలేదు, ఇష్టపడి వచ్చాను. పొద్దున నా మొహం మీ ఆవిడ చూసింది, అడుగు" అన్నారు. ఆయన నా వైపు తిరిగారు. ఎడిన్‌బర్గ్ నుంచి మోసుకొచ్చిన మాటలన్నీ పక్కనపెట్టి, "అడక్కండి, వదినగారు ఇక్కడే ఉంటారు" అన్నాను. మరుసటి పొద్దున సీళ్ళు రాళ్ళ మీద బద్ధకంగా దొర్లుతున్నాయని చూసుకుని ఆవిడ మళ్ళీ ఈతకు దిగారు. నేను నడుం దాకా దిగాను. దానికే ఆవిడ చప్పట్లు కొట్టారు.

రిటైరయ్యాక కూడా చాలా ఏళ్ళు అక్కడే ఉన్నారు. మోకాళ్ళు మొరాయించాక, ఎవరూ అడక్కుండానే, తనంతట తాను మా వీధికి మారారు. ఆ పూట నీళ్ళలో ఎంతసేపున్నామో అని ఇప్పటికీ వాదన వస్తుంది. అయిదు నిమిషాలంటారు మా ఆయన. అంతకూడా లేదంటారు వదినగారు. నన్నడిగితే, ఆ తరవాతి ఇరవై ఏళ్ళూ ఎటు పోయాయంటే చెప్పలేను గాని, ఆ కాసేపు మాత్రం ఎటూ పోలేదు.