బోర్లా వేసిన రాయి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, బడికి పోవడానికి టిఫిన్ డబ్బా కట్టుకుంటుంటే తాండూరు నుంచి అయ్యగారి ఫోన్ వచ్చింది. అక్కడి మా చర్చికి పాస్టరు ఆయన. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు.

“అక్కా, టీచరమ్మ పోయింది. తెల్లారంగ, నిద్రలనే. ఏం కష్టపడలె.”

నేను డబ్బా పక్కన పెట్టేశాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

“ఇంకొక్క మాట అక్కా. మెట్టుకాడి రాయి లేపిద్దామనుకుంటున్నం. కడిగి సమాధి మీద నిలవెడ్తం. ఆమె ఫొటో ఒక్కటన్న లేకపాయె. ఆధార్ కార్డుల ఉన్నదేమో గుర్తువట్టేటట్టు లేదు. ఆమె మొఖం ఉన్నది ఆ రాయి మీదనే. చెక్కిచ్చింది నువ్వు గద, నువ్వు ఊ అంటే లేపిస్త.”

“లేపియ్యి” అన్నాను. మంచీ చెడూ ఆలోచించలేదు. ఆ మొఖం ఇంకొక్కసారి చూడాలనిపించింది, అంతే.

వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు పోయే రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎన్నో ఏళ్లు ప్రతి ఆదివారం పొద్దున ఇదే రైలు. మా ఆయన ఎగతాళి చేసేవాడు, “వికారాబాద్‌ల చర్చిలు లేవా? నీ దేవుడు తాండూర్లనే ఉంటడా?” అని. నవ్వి ఊరుకునేదాన్ని.

ఆమె మా సండే స్కూల్ టీచరమ్మ. వారమంతా సర్కారు బడిలో పిల్లలకు చెప్పేది, ఆదివారం చర్చిలో మాకు చెప్పేది. మా నాయన బండల పాలిష్ మిషన్ దగ్గర పనికి పోయేవాడు. మా వాడలో చెట్ల ఆకులకు కూడా బండల దుమ్మే. ఆ దుమ్ము కాళ్లతో మేం వస్తే నల్లా దగ్గర వరసగా నిలబెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఒక్కొక్కరి కాళ్లు ఆమే కడిగేది. మేమే కడుక్కుంటాం టీచరమ్మా అంటే వినేది కాదు. పాఠం అయ్యాక ఉడకబెట్టిన పల్లికాయలు దోసిట్లో పోసేది. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు కథ ఆమె మాకు విడిగా చెప్పిన గుర్తు లేదు. చెప్పాల్సిన పనేముంది?

ప్రార్థన చేసేటప్పుడు కళ్లు మూసేది కాదు. మమ్మల్ని మాత్రం మూసుకోమని, తాను తెరిచే ఉంచేది. ఒకసారి నేను వేళ్ల సందులోంచి చూసి అడిగేశాను. “కండ్లు మూస్తే నాకు నేనే కనవడ్త బిడ్డ. తెర్సుకుంటే మీరు కనవడ్తరు” అంది.

నాకు పదేళ్లున్నప్పటి సంగతి. మా వాడ చివర వేపచెట్టు కింద పోచమ్మ రాయి ఉండేది. సండే స్కూల్లో కొత్తగా నేర్చుకున్న తెలివంతా చూపిస్తూ, రాయికి చెవులుంటాయా అని దానికి మొక్కుతున్న పక్కింటామెను ఎగతాళి చేశాను. ఆ సాయంత్రమే టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. తిడుతుందనుకోలేదు, మెచ్చుకుంటుందనుకున్నాను.

“ఆమె ఆ రాయి ముందటన్న వంగుతున్నది. నువ్వు ఎవలి ముందట వంగుతున్నవ్? బొమ్మ అంటే బయటనే ఉండాలని లేదు బిడ్డ. లోపట పెట్టుకున్న బొమ్మ ఎవలికీ కనవడదు, అదే కష్టం.”

ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. ఆమె తరచూ అనే ఇంకో మాట మాత్రం మా అందరికీ కంఠతా వచ్చు. “ఎవలిని మొక్కితే వాళ్ల గుణమే వస్తది. జర చూసి మొక్కుండ్రి. పేరును మొక్కెటోనికి సభల పిలువకపోతే అన్నం సయించదు. అందాన్ని మొక్కెటామెకు అద్దం పగిల్తే జరమొస్తది.” ఈ మాట అంటూ తానే నవ్వేది.

నేను పెద్దదాన్నయ్యాను, టీచర్నయ్యాను, పెళ్లై వికారాబాద్ వచ్చాను. ఆమె సండే స్కూల్ మానేసిన ఏడాది, పాత పిల్లలందరినీ పోగేసి, ఆమె పేరున చర్చికి ఒక రాయి పెట్టించాలని పట్టుబట్టింది నేనే. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. వద్దని ఆమె రెండుసార్లు చెప్పింది, వినలేదు. తాండూరు బండ మీద మొఖం తేలదు, నల్లరాయి కావాలన్నాడు మేస్త్రి. సరే అన్నాం. పిల్లలతో నవ్వుతుండగా నా ఫోన్లో దొంగచాటుగా తీసిన ఫొటో ఇచ్చాను. ఆ ఫోన్ తర్వాత పాడైపోయింది, ఫొటో రాయి మీదే మిగిలింది. వరండాలో తలుపు పక్కన గోడకు సిమెంటు పెట్టి బిగించారు. ఆమె దాన్ని ఒకసారి చూసి, తల వంచుకుని లోపలికి పోయింది. సంతోషం ఎక్కువై అలా పోయిందనుకున్నాను.

అక్కడి నుంచి నాకు కళ్లు నెత్తికెక్కాయి. ప్రతి ఆదివారం ఇంటి నుంచి మెత్తటి బట్ట తెచ్చి రాయి తుడిచేదాన్ని. దానికి సంచి తగిలించిన పాటల బృందం పిల్లతో పోట్లాడాను. క్రిస్మస్‌కు దాని మీదుగా లైట్ల తీగ లాగారని అయ్యగారితో పోట్లాడాను. నా చూపు చూసి జనం దాని దగ్గర కాస్త ఆగి, తాకి లోపలికి పోవడం అలవాటు చేసుకున్నారు. అది చూస్తే నాకు కడుపు నిండేది.

బంట్వారం దిక్కు ఒక పల్లె నుంచి ఒక అవ్వ కొత్తగా చర్చికి రావడం మొదలుపెట్టింది. గొర్లు కాసుకునే ఇల్లు. మోకాళ్ల నొప్పులు. మా చర్చి అరుగు ఎత్తు, మెట్టు లేదు. రెండు చేతులు ఆనించి పాకినట్టు ఎక్కేది. ఒక ఆదివారం అలా ఎక్కి, ఆయాసంతో రాయికి తల ఆనించి కూలబడింది. తల నిండా నూనె. టీచరమ్మ చెంప మీద మరక పడింది.

“కండ్లు కనవడ్తలేవా అవ్వా? అది టీచరమ్మ మొఖం. లే, లే” అని అందరి ముందూ కేకేశాను.

అవ్వ గాభరాగా లేచి కొంగుతో తుడిచింది. మరక ఇంకా పెద్దదైంది. ఆ రోజంతా బయట చెప్పుల దగ్గర ఎండలో కూర్చుంది. పై ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు.

సంగతి టీచరమ్మ చెవిన పడింది. “దా బిడ్డ” అని నన్ను బంట్వారం బస్సెక్కించింది. అవ్వ గొర్ల దొడ్డి ముందర కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కంగారుపడి గొంగడి పరిచింది.

“కోపమేం లేదు తల్లి” అంది నాతో. “మీ దేవునికి బొమ్మ లేదంటిరి గద. ఉత్త గోడ అనుకొని ఆనుకున్న. బొమ్మ ఉన్నదని ముందుగాల చెప్తే దాని దిక్కు పోకపోతుంటి.”

ఆమె వెటకారానికి అనలేదు. నిజంగానే తనదే తప్పనుకుంది. టీచరమ్మ లేచి వెళ్లి అవ్వ రెండు చేతులూ పట్టుకుని, “తప్పు మాది అవ్వా” అంది. తిరుగు బస్సులో ఆమె నా మొఖం కేసి చాలాసేపు చూసింది.

“నన్ను రాయిని చేసినవ్ బిడ్డ. దాన్నే చూసుకుంట చూసుకుంట నువ్వు గూడ రాయి అయితున్నవ్.”

ఆమె నాతో అన్న కఠినమైన మాట అదొక్కటే. ఆ వారమే మేస్త్రిని పిలిపించి రాయి ఊడదీయించింది. అరుగు ముందర ఇటుకలు పేర్పించి, మొఖం కిందికి, గరుకు వైపు పైకి వేయించింది. ఆదివారం అవ్వ వచ్చి దాని మీద కాలు పెట్టి సులువుగా ఎక్కుతుంటే, “గోడ మీదున్నన్ని దినాలు చూసుడే. ఇప్పుడు పనికొచ్చింది” అని నవ్వింది.

నేను మాత్రం ఆ మెట్టు తొక్కలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా. కింద ఆమె మొఖం ఉందని తెలిసి కాలెలా పెట్టను? పక్కనుంచి, చీర ఎత్తి పట్టుకుని, అరుగు మీదికి గంతేసేదాన్ని. ఆమె చూస్తూనే ఉండేది. ఒకరోజు, “నా మీద గంత ప్రేమ, పావురం ఉంటే అవ్వ చెయ్యి వట్టి ఎక్కియ్యి” అంది. సరేనని అవ్వకు చెయ్యి అందించడం మొదలుపెట్టాను, అదీ పైనుంచే. నేనెక్కే తోవ మాత్రం మార్చుకోలేదు.

రైలు దిగి చర్చికి పోయేసరికి రాయి లేపి గోడకు ఆనించి ఉంచారు. నేనే బకెట్ తెచ్చుకుని కూర్చుని కడిగాను. గీతల్లో మట్టి గట్టిపడి ఉంది. ముందు నుదురు తేలింది, తర్వాత ఒక కన్ను, తర్వాత నవ్వు. ఆమె లోపల పెట్టెలో ఉంది, నేను లోపలికి పోకుండా ఇక్కడ రాయి ముందు కూర్చుని ఏడుస్తున్నాను. ఆ పిలుపు కావాలి నాకు. బిడ్డ అని ఒక్కసారి. నన్ను అలా పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరు. ఈ రాయి సమాధి మీద నిలబెడితే వారం వారం వచ్చి తుడుచుకోవచ్చు, పూలు పెట్టుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు అని అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాను.

అంతలో అవ్వ వచ్చింది. ఇంకా వంగిపోయింది. అరుగు దాకా వచ్చి, ఉత్త ఇటుకలు చూసి ఆగిపోయింది.

“నేనెట్ల పోవాలె ఆమెకాడికి?” అని అడిగింది. ఎవరినీ నిందించి కాదు, దారి అడిగినట్టు.

జనం ఆమె పక్కనుంచి ఎక్కిపోతున్నారు. అవ్వ మళ్లీ రెండు చేతులు అరుగు మీద ఆనించబోయింది.

“అయ్యగారూ, రాయి పెట్టించుండ్రి” అన్నాను.

“సమాధికి గద అక్కా?”

“కాదు. ఎట్లుండెనో గట్లనే. బోర్ల.”

ఆయన లోపలి నుంచి సాయం పిలిచాడు. ఇద్దరు మనుషులు ఎత్తి ఇటుకల మీద దించుతుంటే, ఆ నవ్వు నేల వైపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. అవ్వకు ఈసారి చెయ్యి అందిస్తే సరిపోయేలా లేదు. బరువంతా నా భుజం మీద వేసింది. పక్కనుంచి గంతేయడం కుదరదు. ఆమె కాలు పెట్టింది, ఆమెతోపాటు నేనూ పెట్టాను. రాయి చల్లగా, గరుగ్గా ఉంది. ఇద్దరం కాసేపు దాని మీదే నిలబడి ఊపిరి తీసుకున్నాం, తర్వాత లోపలికి వెళ్లాం.