పాలసముద్రం నోట్సు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో విజయశ్రీ గారిల్లు కనుక్కోవడానికి డోర్ నంబరు అక్కర్లేదు. ‘ఇంగ్లీషు ఆంటీ ఇల్లు’ అంటే చాలు, హైస్కూలు పిల్లలున్న ఏ తెలుగు వాళ్లయినా దారి చెప్పేస్తారు. మంగళ, గురువారాల్లో సాయంత్రం ఐదయ్యేసరికి ఆ ఇంటి కారు బయటికి పోయేది. గరాజ్‌లో పాత కార్పెట్ పరిచి, మడత కుర్చీలు వేసి, గోడకి వైట్‌బోర్డు తగిలించి ఆవిడ క్లాసు మొదలుపెట్టేది.

ఫీజు లేదు, తీసుకోవడానికి వీల్లేదు కూడా. భర్త శ్యామ్‌సుందర్ గారి ఉద్యోగం వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చి 2010 నాటికి పదేళ్లయింది. డిపెండెంట్ కారు నడపొచ్చు, వంట చెయ్యొచ్చు, గుడిలో పులిహోర కలపొచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. గ్రీన్‌కార్డు ఇదిగో అదిగో అంటూ ఆవిణ్ని నలభయ్యో ఏడు దాటించింది. కృతజ్ఞత ఊరికే పోదు కాబట్టి, పిల్లల తల్లిదండ్రులు పెరట్లో కాసిన సొరకాయలు తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్లేవారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ ఇంట్లో ఇంకో కూర ఉండేది కాదు.

విజయశ్రీ గారు విశాఖపట్నంలో ఎం.ఏ. ఇంగ్లీషు చేసింది. ఫస్టు క్లాసు. ఎవరితోనైనా పరిచయమైన నాలుగు నిమిషాల్లోపు ఈ సంగతి బయటికొచ్చేది. వంకాయల గురించి మాట్లాడుతున్నా సరే, ఎక్కడో ఒక మలుపులో ఎం.ఏ. ఎదురయ్యేది. ఆ ఫస్టు క్లాసుకి మూలం రాజారావు మాస్టారి నోట్సు. నీలం సిరా, గోధుమరంగు అట్ట, మూడు లాంగ్‌బుక్కులు. అమెరికా వచ్చేటప్పుడు సూట్‌కేస్ బరువెక్కువైందంటే ఎయిర్‌పోర్టులో అందరి ముందూ ఇడ్లీ పాత్ర తీసి అక్కయ్య చేతిలో పెట్టింది గాని, నోట్సు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆ ఇంట్లో ఇడ్లీ లేదు.

ఆ సెప్టెంబరులో కూతురు దేదీప్య పదకొండో తరగతిలో చేరింది. ఇంగ్లీషు క్లాసులో తొలినాళ్ల అమెరికన్ సాహిత్యం. ఓడలెక్కి వచ్చి అడవులు నరుక్కున్న ప్యూరిటన్లు, వాళ్ల ప్రార్థనలు, వాళ్ల ఉత్తరాలు. అందులో పేషెన్స్ అనే ఇల్లాలు రాసుకున్న పదకొండు పేజీల డైరీ ఒకటి. దాని మీద ఎస్సే రాయాలి. విజయశ్రీ గారు లాంగ్‌బుక్కు తిప్పి చూసింది. రెండో పుస్తకంలో ఏడో ప్రశ్న అదే! ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు.

గరాజ్‌లో ఐదుగురు పిల్లలు. దేదీప్య, నీరజ్, పూజిత, రోహన్, నిధి. ఆవిడ నోట్సు చదివి చెప్పింది, వాళ్లు రాసుకున్నారు, ఆపైన వారం రోజులు అప్పజెప్పించుకుంది. తడబడినవాడు మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి. మొదటి వాక్యం రాజారావు మాస్టారు ప్రాణం పెట్టి రాసింది. ఈ డైరీ అచంచలమైన దైవభక్తి పొంగిపొర్లే ఒక సాక్షాత్తు పాలసముద్రం అని, మంచి బరువైన ఇంగ్లీషులో. నార్త్ కరొలైనాలో పెరిగిన ఐదుగురు పిల్లలు, పాలసముద్రం ఎవరిదో, అక్కడెవరు పడుకుంటారో తెలియకపోయినా, ఎస్సేలో దాన్ని నిక్షేపంగా దింపారు.

పది రోజులకి టీచర్ మిసెస్ కార్వర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ‘మీ దగ్గర చదువుకుంటున్న ఐదుగురు విద్యార్థుల ఎస్సేల గురించి మీతో మాట్లాడాలనుంది. సోమవారం రాగలరా?’

విజయశ్రీ గారు ఆ ఈమెయిల్ మూడుసార్లు చదివి, ఒకసారి ప్రింటు తీసింది.

“సన్మానమేమోనండీ,” అంది భర్తతో.

“ఈ దేశంలో ఎస్సేలకి సన్మానాలు చేస్తారా?” అన్నాడు శ్యామ్‌సుందర్, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

“ఐదుగురూ ఒక్క తప్పు లేకుండా రాస్తే ఎందుకు చెయ్యరు? మీకు కంప్యూటర్ తప్ప ఏదీ కనబడదు.”

సోమవారం గద్వాల చీర కట్టుకుని, డబ్బా నిండా సున్నుండలు పట్టుకుని వెళ్లింది. క్లాస్‌రూమ్‌లో మిసెస్ కార్వర్, పక్కన దేదీప్య కూర్చుని ఉన్నారు. దేదీప్య మొహం మాడిపోయి ఉంది. పిల్ల సిగ్గుపడుతోందనుకుంది తల్లి. కుర్చీకి బల్ల అతికించి ఉండే పిల్లల సీటులో గద్వాల చీరతో ఇరుక్కుని కూర్చుంది.

మిసెస్ కార్వర్ ఐదు కాగితాలు వరసగా పరిచింది. “ఇవి చూడండి. మీకేమనిపిస్తోంది?”

“ఒక్క కామా కూడా తేడా లేదు,” అంది విజయశ్రీ గారు. గొంతులో గర్వం దాగలేదు.

టీచర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “అవును. అదే మాట్లాడదామని పిలిచాను.”

అప్పుడు ఆవిడ నెమ్మదిగా అంతా చెప్పింది. ఐదుగురూ ఒకే ఎస్సే ఇస్తే దాన్ని కాపీ అంటారు. కాపీకి సున్నా. సున్నాతో పాటు ఫైల్లో ఒక ఉత్తరం. వచ్చే ఏడు కాలేజీలకి అప్లై చేసినప్పుడు ఆ ఉత్తరం కూడా వెళ్లొచ్చు. విజయశ్రీ గారు బల్ల మీది కాగితాల్ని మళ్లీ లెక్కపెట్టింది. ఐదుగురు పిల్లల భవిష్యత్తు తన గరాజ్‌లో తన చేతుల మీదుగా పాడైపోయిందా? నీరజ్ వాళ్లమ్మ పద్మకి ఏ మొహంతో చెప్పడం? నిన్ననే రెండు సొరకాయలిచ్చి వెళ్లింది.

“తప్పు వాళ్లది కాదండీ,” అంది గబగబా. “నేనే చెప్పి రాయించాను. వాళ్లు పాపం కష్టపడి బట్టీ పట్టారు.”

“అయితే ఈ ఎస్సే మీరు రాశారా?”

“నేను కాదు. మా రాజారావు మాస్టారు.”

“ఆయన సొంతంగా రాశారా?”

విజయశ్రీ గారు అబద్ధమాడలేకపోయింది. “వాళ్ల మాస్టారు చెప్పారనుకుంటాను.”

మిసెస్ కార్వర్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూసింది. మళ్లీ ఇటు తిరిగి, “సరే, ఈ డైరీ గురించి మీరేమనుకుంటున్నారు?” అంది.

“ఈ డైరీ అచంచలమైన దైవభక్తి...”

“అది ఐదుసార్లు చదివాను. మీకు, మీకేమనిపించింది?”

ఎం.ఏ. చదివిన రెండేళ్లలో, ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఈ ప్రశ్న ఆవిణ్ని ఎవరూ వెయ్యలేదు. పరీక్షలో అరవై ఎనిమిది మార్కులిచ్చినవాళ్లు కూడా వెయ్యలేదు.

“మీరు డైరీ చదివారు కదా?” అంది టీచర్ మర్యాదగానే.

అవునంటే అయిపోయేది. పక్కన కూతురు కూర్చుని తల్లి మొహం వంకే చూస్తోంది.

“లేదు,” అంది విజయశ్రీ గారు. “మా క్లాసులో ఎవరం చదవలేదు. లైబ్రరీలో ఒకటే పుస్తకం ఉండేది, అది మాస్టారింట్లో ఉండేది.”

“అమ్మా! నువ్వు చదవలేదా?” అంది దేదీప్య. “సీరియస్లీ? నాతో ప్రతి లైన్ చెప్పించావ్, డిన్నర్ కూడా పెట్టలేదు ఒకరోజు!”

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. సున్నుండల డబ్బా ఒళ్లోనే ఉండిపోయింది.

మిసెస్ కార్వర్ ఒక దారి చూపించింది. శుక్రవారం నాడు ఐదుగురూ క్లాసులో కూర్చుని, నోట్సు లేకుండా ఎస్సే మళ్లీ రాయాలి. ఎవరికి తోచింది వాళ్లు రాస్తే సున్నా పోతుంది, ఉత్తరం చించేస్తుంది. మళ్లీ అవే మాటలొస్తే తను చెయ్యగలిగిందేమీ లేదు. “ఇంకొక్క ప్రశ్న,” అంది లేస్తూ. “పాలతో సముద్రం ఎందుకు?”

దానికి జవాబు చెప్పి ఇంటికొచ్చేసరికి ఆరైంది. సున్నుండలు మాత్రం అక్కడే ఇచ్చేసింది.

మర్నాడు గరాజ్‌లో అసలు కష్టం తెలిసింది. బట్టీ పట్టించడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. పట్టినదాన్ని వదిలించడం ఎలాగో రాజారావు మాస్టారు ఏ నోట్సులోనూ రాయలేదు.

“పేషెన్స్ గురించి మీకు తోచిన ఒక్క మాట చెప్పండి,” అందావిడ.

నీరజ్ కళ్లు మూసుకున్నాడు, పళ్లు బిగించాడు, చెమటలు పట్టాయి. “ఆంటీ, సారీ. ఎంత ట్రై చేసినా మిల్క్ ఓషనే వస్తోంది.”

“నాకూ,” అంది నిధి. “నిద్రలో కూడా వస్తోంది ఆంటీ.”

ఇంక చేసేదేం లేక, విజయశ్రీ గారు కూతురి పాఠ్యపుస్తకం తీసుకుని డైరీ మొదటి నుంచీ పైకి చదవడం మొదలుపెట్టింది. జీవితంలో మొదటిసారి. పేషెన్స్ పద్దెనిమిదేళ్ల పిల్ల. మొగుడు బయల్దేరదామన్నాడు, ఓడెక్కింది. ఓడలో పిండి పురుగు పట్టింది, దేవుడి దయ వల్ల అందరం క్షేమం. దిగాక ఇంటి కప్పు కారుతోంది, దేవుడి దయ వల్ల అందరం క్షేమం. పసిబిడ్డకి దగ్గు, ఉప్పు నిండుకుంది, మాట్లాడటానికి చుట్టుపక్కల మనిషి లేడు, దేవుడి దయ వల్ల అందరం క్షేమం.

నాలుగో పేజీలో ఆవిడ ఠక్కున ఆగిపోయింది.

“అబద్ధం,” అంది.

పిల్లలు తలలెత్తారు. “ఏంటి ఆంటీ?”

“ఈ పిల్ల అబద్ధం రాస్తోంది. ఏం క్షేమం? చస్తోంది అక్కడ. ఎవరైనా చదువుతారేమోనని అలా రాస్తోంది.”

“మీకెలా తెలుసు?” అంది పూజిత.

“ప్రతి ఆదివారం నేను ఇండియాకి ఫోన్ చేసి చెప్పేది అదే కాబట్టి,” అంది ఆవిడ, ఇంకా పుస్తకంలోనే చూస్తూ.

అన్న తర్వాత గాని ఏమందో ఆవిడకే తెలియలేదు. దేదీప్య పెన్ను కింద పెట్టి తల్లిని చూసింది. తర్వాత గరాజ్ కప్పు ఎగిరిపోయేంత గోల మొదలైంది. అబద్ధం కాదు, మొగుడు చదువుతాడని భయం అన్నాడు నీరజ్. నిజంగానే నమ్మింది, నమ్మకపోతే పిచ్చెక్కేది అంది నిధి. అసలు దేవుడి మీద కోపంతో వెటకారంగా రాసిందని రోహన్. విజయశ్రీ గారికి మధ్యలో దూరి ‘సరైన జవాబు రాసుకోండి’ అనాలని నాలుక దురద పెట్టింది. రెండుసార్లు వైట్‌బోర్డు మార్కర్ చేతిలోకి తీసుకుని రెండుసార్లూ మూత పెట్టేసింది. చివరికి లేచి వంటింట్లోకి పోయి సొరకాయ తరుగుతూ కూర్చుంది.

శుక్రవారం పిల్లలు రాశారు. ఆ వారాంతం ఆవిడకి అన్నం సయించలేదు. సోమవారం సాయంత్రం దేదీప్య బ్యాగు సోఫా మీద పడేసి, “సున్నా పోయింది, అందరికీ,” అంది. ఐదు ఎస్సేలు ఐదు దారుల్లో పోయాయట. ఉత్తరాన్ని మిసెస్ కార్వర్ వాళ్ల కళ్లముందే చించేసిందట. నీరజ్‌కి మాత్రం చివరి పేరాలో అలవాటు కొద్దీ ఒక పాలసముద్రం దొర్లిపోయింది. టీచర్ దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఒక నవ్వు మొహం గీసి వదిలేసింది.

“నీకెంత?” అంది తల్లి.

“బీ మైనస్.”

ఫస్టు క్లాసు ఆవిడ గొంతుదాకా వచ్చింది గాని, మింగేసి చెయ్యి చాపింది. దేదీప్య కాసేపు తటపటాయించి కాగితం ఇచ్చింది. మొదటి వాక్యం ఇలా ఉంది: ‘ప్రతి ఆదివారం మా అమ్మ ఇండియాకి ఫోన్ చేసి ఇక్కడ అంతా బాగుందని చెబుతుంది. మొన్న మంగళవారం దాకా నేను కూడా నమ్మాను.’

విజయశ్రీ గారు మిగతాది చదవలేదు. కళ్లకి అక్షరాలు ఆనలేదు. కాగితం మడిచి రెండో లాంగ్‌బుక్కులో ఏడో ప్రశ్న దగ్గర పెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే కాలింగ్ కార్డు నంబర్లు నొక్కి విజయనగరంలో అక్కయ్య రేణుకి ఫోన్ చేసింది. దేదీప్య బల్ల దగ్గర కూర్చుని పాలలో సీరియల్ వేసుకుని తింటోంది.

“విజ్జీ, బాగున్నారా అందరూ?” అంది రేణు.

“ఆఁ, దేవుడి ద...” అని, కూతురు చెంచా ఎత్తి పట్టుకుని అలాగే ఆగిపోవడం చూసింది. అటు తిరిగి నిలబడదామనుకుంది. తిరగలేదు.

“ఏమంత బాగోలేదే అక్కా,” అంది. “పదేళ్లయింది ఉద్యోగం లేక. ఎం.ఏ. చదివి సొరకాయలు తరుగుతున్నాను. విసుగ్గా ఉంటోంది. ఒక్కోరోజు ఏడుపొస్తోంది.”

లైను తెగిపోయిందేమోనని ఆవిడ రిసీవరు కుదిపి చూసింది.

“అమ్మయ్య!” అంది రేణు ఒక్కసారిగా. “నాకూ బాగోలేదే తల్లీ! మోకాళ్లు లేవనివ్వట్లేదు, మీ బావ రిటైరై నా ప్రాణం తీస్తున్నారు. నువ్వక్కడ వారం వారం అంత సుఖంగా ఉంటే నాకు చెప్పుకోవడానికి సిగ్గేసేది. ఆగు, స్టవ్ ఆపి వస్తాను. కుర్చీ తెచ్చుకో.”

దేదీప్య లేచి తల్లి వెనక కుర్చీ వేసింది.