పిడుగు మనిషి నోట గాజుకన్ను మాట

బొమ్మల కథల్లో వీరుడి తల పక్కన తెల్లటి బుడగ ఉంటుంది. అతని మాటలన్నీ అందులోనే. ఆ బుడగల్లో అక్షరాలు రాయడం ఆయన ఉద్యోగం. నాలుగైదు పత్రికల్లో ఇరవై రెండేళ్లు అదే పని చేశాడు కాబట్టి అందరికీ బుడగలాయన అయిపోయాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద ఉంది, అంతవరకే.

ఆ పని ఇప్పించింది అక్క భర్త. బావ అప్పటికే ఒక బొమ్మల కథల వారపత్రికలో అతికించే పనిలో ఉన్నాడు. మేడ మీద గది, కిటికీ పక్కన రెండు బల్లలు. ఒక బల్ల మీద బుడగలాయన కాగితం ముక్కల మీద మాటలు రాసి, బుడగల ఆకారంలో కత్తిరించి, వెనక పెన్సిలుతో అంకెలు వేసేవాడు: పేజీ, గడి, మాట్లాడేది ఎవరు. వీరుడైతే ఒకటి, విలనైతే రెండు. రెండో బల్ల మీద బావ ఆ అంకెలు చూసి, జిగురు రాసి, బొమ్మల అట్ట మీద అతికించేవాడు. బుడగలో ఏముందో చదవకూడదు. చదివితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే పత్రిక ఆగుతుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అనేవాడు ఎడిటరు. బావ మాట జవదాటే మనిషి కాదు.

ఆ పత్రికలో వీరుడు పిడుగు మనిషి. చేతుల్లోంచి మెరుపులు వస్తాయి. అతని శత్రువు గాజుకన్ను. వారం వారం ఆనకట్టలూ వంతెనలూ కూల్చబోయి తన్నులు తినడమే వాడి బతుకు. యాభై ఆరు సంచికలు ఇలాగే నడిచాయి. యాభై ఏడో సంచిక మాత్రం చదివినవాళ్లకు మతి పోయింది. ఆనకట్ట తెగుతుంటే పిడుగు మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఊరు మునిగితే మునగనీ, నా పగ తీరాలి" అంటాడు. ఇటు గాజుకన్ను ఒక పాపను స్తంభానికి కడుతూ, "భయపడకు తల్లీ, నేనున్నానుగా!" అంటాడు. పిల్లలు బస్తాలకొద్దీ ఉత్తరాలు రాశారు. పిడుగు మనిషికి జ్వరమా అని ఒకడు, గాజుకన్నుకు పెళ్లయిందా అని ఇంకొకడు.

అసలు జరిగింది ఇది. బుడగలాయన ఎప్పుడూ ముందు వీరుడి మాటలన్నీ ఒక దొంతరగా రాసి, తర్వాత విలన్ మాటలు పట్టుకునేవాడు. ఆ వారం గాజుకన్నుకు పెద్ద ఉపన్యాసం ఉంది. కష్టమైనది ముందు వదిలించుకుందామని దానితో మొదలుపెట్టాడు. దొంతర పూర్తయ్యాక చెయ్యి అలవాటు కొద్దీ ప్రతి ముక్క వెనకా ఒకటి వేసింది. రెండో దొంతరకు రెండు వేసింది. బావ అంకెలు చూశాడు, అతికించాడు.

ఎడిటరు గదిలోకొచ్చి, "ఎవరు అతికించారిది?" అని అరిచాడు. ఎవరు రాశారని అడగలేదు. అప్పటికి అంకెలన్నీ జిగురు కింద ఉన్నాయి. బుడగలాయన తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. బావ తన చేతులు చూసుకుని, "నేనే సార్, దొంతరలు తారుమారు చేసుంటాను" అన్నాడు. సాయంత్రానికి ఆ బల్ల ఖాళీ అయింది. బుడగలాయన అప్పుడు పిరికివాడు, అంతకుమించి చెప్పడానికేం లేదు.

రచయిత తంటాలు పడి ఆ తప్పును కథగా మార్చాడు. చంద్రశిల తగిలి వీరుడి మనసూ విలన్ మనసూ మారిపోయాయన్నాడు. నాలుగు సంచికలపాటు గాజుకన్ను పిడుగు మనిషి తల్లి దగ్గర కూర్చుని కూరగాయలు తరిగాడు. ఆ తర్వాత పత్రికే ఆగిపోయింది, ఆ వింత కథను జనం మరిచిపోయారు.

బావ మరిచిపోలేదు. పార్సిళ్ల గోదాములో చేరి, ప్రతి చిరునామా మూడుసార్లు చదివేవాడు. అక్కడివాళ్లు ఆయన్ని ముమ్మారు అని పిలిచేవారు. ఇంట్లోనూ అంతే. గ్యాసు మూడుసార్లు చూడాలి, తాళం మూడుసార్లు లాగాలి, బస్టాపు దాకా వెళ్లి మళ్లీ ఒకసారి తిరిగి రావాలి. ప్రతి ఆదివారం అక్క ఇంట్లో భోంచేసే బుడగలాయన ముప్ఫై ఆరేళ్లు ఇదంతా కళ్లారా చూశాడు. చూసి, పెరుగన్నం కలుపుకున్నాడు.

మొన్న ఒకమ్మాయి ఆయన గది తలుపు తట్టింది. పిడుగు మనిషి కథలు మళ్లీ అచ్చువేస్తున్న సంస్థలో ఆమెది ముందుమాటలు రాసే ఉద్యోగం. చేతిలో చిన్న కవరు ఉంది.

"సార్, మా ఆఫీసులో అందరికీ ఆ చంద్రశిల కథే కావాలి. అంత వింత కథ ఇంకోటి లేదంటున్నారు. పాత ఎడిటరు గారి కాగితాల్లో, అతికించే అతని పొరపాటు వల్ల పుట్టిందని ఉంది. ముందుమాటలో అదే రాస్తున్నాను."

"ఆయన పేరు కూడానా?"

"రాయొద్దా మరి? ఆయన పుణ్యమే కదా సార్!" అని నవ్వి, కవరు బల్ల మీద బోర్లించింది. ఎండిపోయిన జిగురుతో నాలుగు బుడగలు రాలాయి. "పాత అట్టల మీంచి ఊడిపోయాయి. వెనక ఈ అంకెలేంటో మీకు తెలుస్తాయేమోనని తెచ్చాను."

ఆయన ఒకదాన్ని తిప్పాడు. ముందు వైపు, ఊరు మునిగితే మునగనీ. వెనక వైపు, తన చేత్తో వేసిన ఒకటి. ఆ అంకెకు అర్థం తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే ఉన్నారు. తెలియదంటే ఆ అమ్మాయి వెళ్లిపోతుంది, బావ తప్పు పుస్తకంలో అచ్చవుతుంది.

"ఇవి ఒక్కరోజు నా దగ్గరుంచమ్మా" అన్నాడు.

మర్నాడు ఆదివారం కాకపోయినా అక్క ఇంటికి వెళ్లాడు. బావ కిటికీ దగ్గర కూర్చుని కళ్లజోడు తుడుస్తున్నాడు. బుడగలాయన బుడగను ఆయన చేతిలో పెట్టాడు.

"యాభై ఏడో సంచిక తప్పు నీది కాదు బావా. నాది. అంకెలు నేనే తారుమారు చేశాను."

బావ ముందు చదివాడు, తిప్పి చూశాడు, మళ్లీ చదివాడు. "అంటే నేను సరిగ్గానే అతికించానా?"

"సరిగ్గానే అతికించావు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. ఎడిటరు అరుస్తున్నప్పుడే."

బావకు కోపం రావడం అక్క కూడా ఎప్పుడూ చూసి ఎరగదు. ఇప్పుడు ఆయన కళ్లజోడు కిటికీ గట్టు మీద విసిరినట్టు పెట్టాడు. "ఉద్యోగం పోతే పోయిందిరా, ఇంకోటి దొరికింది. నా చేతుల్ని నేను నమ్మలేకపోయాను. మరుసటేడు పిల్ల పుడితే ఎత్తుకోలేదు. ఎక్కడ పడేస్తానోనని ఏడాదిదాకా ముట్టుకోలేదు."

అక్క వంటింట్లోంచి గరిటెతో అలాగే వచ్చి నిలబడింది. "అందుకా? ఆడపిల్ల పుట్టిందని మీకిష్టం లేదేమో అనుకున్నానండీ నేను. ఆ మాట మీద ఎన్నిసార్లు దెప్పానో."

బుడగలాయనకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "క్షమించు బావా" అన్నాడు. ఆ మాట తనకే చాలా చిన్నగా వినిపించింది.

"నాకు చెప్తే చాలదు" అన్నాడు బావ లేచి చొక్కా వేసుకుంటూ. "ఆ అమ్మాయికి చెప్పు. నా ఎదురుగా చెప్పు. పద."

"నేనూ వస్తాను" అంది అక్క.

ముగ్గురూ గడప దాటారు. బావ తలుపు మూసి తాళం వేశాడు. అక్కా తమ్ముడూ అలవాటు ప్రకారం మెట్ల దగ్గర ఆగారు. మిగతా రెండు లాగుళ్లకు ఎంతసేపు పడుతుందో ఇద్దరికీ తెలుసు. బావ తాళాన్ని ఒక్కసారి లాగి, తాళంచెవి జేబులో వేసుకుని, వాళ్లను దాటుకుని దిగిపోయాడు.

దారి పొడవునా బావమరిదికి నాలుగడుగులు ముందే నడిచాడు. బస్టాపులో అక్క రెండుసార్లు ఆయన ముఖం చూసి, ఉండబట్టలేక, "తాళం?" అంది.

"వేశాను" అన్నాడు బావ. బస్సు వచ్చింది, ముందు ఆయనే ఎక్కాడు.