పార్కుకు ఎవరూ రారని నేను రాసిన అర్జీ

మా ఊరి మునిసిపల్ పార్కును చూసి ఎవరూ ముచ్చటపడరు. నడుమెత్తు ప్రహరీ, దాని లోపల గుండ్రంగా ఒక సిమెంటు బాట, తుప్పు పట్టిన రెండు ఉయ్యాలలు, నాలుగు బాదం చెట్లు, నేను ఎరిగినంతలో ఎన్నడూ నీరు చిమ్మని ఫౌంటెన్ ఒకటి. ఆ బాట మీద ఒక చుట్టు తిరగడానికి నాకు నాలుగు నిమిషాలు పడుతుంది. నా భార్యకు పావుగంట.

రెండేళ్ళ కిందట ఆమెకు ఎడమవైపు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, చెయ్యి సగం దక్కింది, కాలు మాత్రం ఇంకా ఈడుస్తూనే ఉంది. రోజూ నడవాలి, ఆపితే ఉన్న బలం కూడా పోతుంది అని డాక్టరు చెప్పాడు. చెప్పడం తేలిక. మా వీధి మలుపు తిరిగితే పాలకొల్లు వెళ్ళే రోడ్డు. రొయ్యల లారీల నుంచి ఐసు నీళ్ళు కారి దాని అంచులు ఎప్పుడూ జారుతూ ఉంటాయి. రెండో వైపు కాలవ గట్టు, దాని మీద కొబ్బరికాయల ట్రాక్టర్లు. ఈడ్చే కాలును నమ్ముకుని అడుగు వేయడానికి మాకు అందుబాటులో ఆ పార్కు బాట ఒక్కటే చదునుగా ఉంది. ఆమె మళ్ళీ నడక నేర్చుకున్నది అక్కడే. నేర్పింది మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక నర్సు గారు. లూథరన్ చర్చిలో ఆదివారం బడి నడిపే మనిషి. నేను దేవుడు లేడంటానని తెలిసీ రోజూ నాకు "వందనాలండీ" చెప్పి నవ్వేవారు.

ఆ పార్కులో రోడ్డు వైపు సగాన్ని వేలం వేసి షాపింగ్ కాంప్లెక్సుకు ఇవ్వాలని వానలకు ముందు మునిసిపల్ కౌన్సిల్ తీర్మానం చేసింది. అభ్యంతరాలుంటే నెలలోపు రాసివ్వమని గేటుకు నోటీసు అంటించారు. సగమే కదా అన్నవాళ్ళూ ఉన్నారు. సగం తీసేస్తే బాట తెగుతుంది. మిగిలిన సగంలో మట్టీ గడ్డీ తప్ప కాలు ఊనడానికి ఏమీ ఉండదు.

మర్నాడే బాదం చెట్ల కింద కమిటీ కట్టాం. నర్సు గారు, కొబ్బరికాయల వర్తకుడు ఒకాయన, నేను. వర్తకుడు నోరున్న మనిషి, జనాన్ని పోగుచేయగలడు. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి, మూఢనమ్మకాల మీద పత్రికలకు రాస్తూ, సభల్లో వాదిస్తూ వచ్చినవాణ్ణి. అందుకని కాగితాల పని నాకు అప్పగించారు.

మొదటి రోజే వర్తకుడు నన్ను పొడిచాడు.

"మేష్టారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాటండి. ఆ వేళ అమ్మవారిని మీరు లేపించెయ్యకపోతే ఇవాళ ఈ స్థలం మీద చెయ్యేసే మగాడున్నాడా అండి?"

ఆయన అన్నది జరిగిన విషయమే. పన్నెండేళ్ళ కిందట ఇదే పార్కులో ఒక బాదం చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి ప్రత్యక్షమైంది. వారానికి దానికి రేకుల పందిరి, నెలకు హుండీ. గుడి కడతామని చందాలు కూడా మొదలుపెట్టారు. అందరి స్థలాన్ని ఒక రాయి అడ్డం పెట్టుకుని కొందరు కాజేస్తుంటే ఊరుకోలేక నేను అప్పటి కమిషనరుకు అర్జీ పెట్టాను. కొద్ది రోజుల్లోనే పందిరి తీసేశారు. నేను గెలిచిన పోరాటాలు తక్కువ. ఇది వాటిలో ఒకటని సభల్లో చెప్పుకునేవాణ్ణి.

"ఇప్పుడైనా మించిపోయిందేం లేదండి," అన్నాడు వర్తకుడు. "శుక్రవారం పొద్దున్నకి ఒక వినాయకుణ్ణి పెట్టేద్దాం. చిన్నదేనండీ, ఇంత. పొక్లెయినోడు కూడా దణ్ణం పెట్టుకుని వెనక్కెళ్ళిపోతాడు."

నేను నోరు తెరిచేలోపు నర్సు గారు అందుకున్నారు. "మీ వినాయకుడొస్తే మా చర్చివాళ్ళు రారండి. పొద్దున్న నడిచేవాళ్ళలో సగం మావాళ్ళే. వాళ్ళు గోడ కట్టకముందే పార్కుని మీరే రెండు ముక్కలు చేసేస్తారేంటండీ?"

"మీరూ ఓ శిలువ పెట్టుకోండమ్మా, వద్దన్నామా?"

"అప్పుడు ముందు దేన్ని పీకించాలో తేల్చుకోలేక మేష్టారు మంచం పడతారు."

అందరం నవ్వాం. విగ్రహం మాట అప్పటికి వెనక్కి పోయింది.

కౌన్సిల్ ఏ ఆధారాలతో ఈ తీర్మానం చేసిందో చూడాలని సమాచార హక్కు కింద ఫైలు నకళ్ళు అడిగాను. అవి చేతికొచ్చిన రోజు మునిసిపల్ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని తిరగేశాను. సర్వే పటం, ఇంజనీరు నోట్, తీర్మానం. తీర్మానంలో చూపిన మొదటి కారణం, పార్కును ప్రజలు వినియోగించుకోవడం లేదన్నది. ఆధారం, అనుబంధం మూడు. పేజీలు తిప్పి అనుబంధం మూడు తీశాను. నా చేతిరాత.

"ఈ పార్కుకు ఏ ఒక్క పౌరుడూ రావడం లేదు. నిర్మానుష్యంగా పడి ఉండటం వల్లనే ఇటువంటి ఆక్రమణలకు వీలు చిక్కుతున్నది." కింద నా సంతకం, పొడి అక్షరాల్లో కాదు, పూర్తి పేరు, ఉద్యోగం హోదాతో సహా.

ఆ మొదటి వాక్యం అబద్ధం. రాసినప్పుడే అబద్ధమని నాకు తెలుసు. అప్పట్లోనూ పొద్దున్నే ఆడవాళ్ళు అక్కడ నడిచేవారు. సాయంత్రమైతే పిల్లలు ఉయ్యాలల కోసం జుట్లు పట్టుకునేవారు. ఆ గోల మధ్యనే ఒక బెంచీ మీద కూర్చుని నేను పరీక్ష పేపర్లు దిద్దేవాణ్ణి. మరి అలా ఎందుకు రాశాను? నడవడానికి వచ్చినవాళ్ళే రాయి దగ్గర ఆగి దణ్ణం పెడుతున్నారు. జనం వస్తున్నారని ఒప్పుకుంటే గుడికి భక్తులున్నారని నేనే రాసిచ్చినట్టవుతుంది. నా వాదానికి అడ్డొచ్చిన మనుషుల్ని కాగితం మీద లేకుండా చేశాను. స్వాములను వేదిక మీద నిలబెట్టి ఆధారం చూపమని గద్దించిన నోరు నాది. ఆ నోటితోనే ఒక్క ముక్క కల్పించి, పని జరిగింది కదా అని మర్చిపోయాను.

ఇంటికి వస్తూ ఆ ఒక్క కాగితాన్నీ కట్టలోంచి తీసి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం మిగతావి కమిటీకి చూపించాను. నర్సు గారు కళ్ళజోడు సవరించుకుని వరసగా చూశారు. "రెండు తరవాత నాలుగుందేంటండీ? మూడోది లేదా?"

"అక్షరాలు సరిగా పడలేదండి. మళ్ళీ అడిగాను," అన్నాను.

మొదటి అబద్ధానికి కాపలాగా రెండోది. అభ్యంతరాల మీద కమిషనర్ విచారణకు పిలిచిన తేదీ ఇంకా పది రోజులుంది. ఆ పది రోజులూ ఫోన్ మోగితే ఎడమ చెయ్యి ఛాతీ మీదికి పోయేది, జేబులో కాగితం ఉన్నట్టే. విచారణలో అందరి ముందూ దాన్ని చదువుతారు. అంతకు ముందే ఎవరైనా వర్తకుడికి చెప్పేయొచ్చు. రోజూ పార్కుకు వెళ్ళేవాణ్ణి. నా భార్య కర్ర ముందుకు వేసి, కుడి కాలు వేసి, ఎడమ కాలిని లాక్కుంటూ వచ్చేది. ఆ లాగిన చప్పుడు సిమెంటు మీద నాకు బాగా వినపడేది.

చివరికి ఆమే అడిగింది. "అన్నం కెలుకుతున్నారు గానీ తినడం లేదు. ఏంటండీ సంగతి?"

కాగితం తీసి ఇచ్చాను. పైనుంచి కిందికి చదివింది. తిరిగి మొదటి వాక్యానికి వచ్చింది.

"మీరక్కడ పేపర్లు దిద్దుతుంటే రోజూ ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చిందెవరండీ? నేను కూడా రాలేదా?"

 ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని, కట్టలో రెండుకీ నాలుగుకీ మధ్య పెట్టాను.

విచారణ రోజు మునిసిపల్ ఆఫీసు హాల్లో కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. కమిషనర్ చిన్నవాడు, మర్యాదస్తుడు. ఫైలు తెరిచేలోపే నేను లేచాను. అనుబంధం మూడు నేను రాసిందేనని, అందులో మాట అబద్ధమని, ఎందుకు రాశానో కూడా చెప్పాను. ఆ కాగితాన్ని కమిటీకి చూపించకుండా దాచాననీ చెప్పాను. కమిషనర్ పెన్ను మూత పెట్టి నా వైపు చూశాడు.

"అప్పుడు అబద్ధం రాశానంటున్నారు. ఇప్పుడు చెప్పేది నిజమని నన్నెలా నమ్మమంటారు సార్?"

అడగవలసిన ప్రశ్నే. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి.

నర్సు గారు కూర్చున్న చోటు నుంచే అన్నారు. "ఆయన్ని నమ్మకండి సార్. మమ్మల్నీ నమ్మకండి. ఓ పొద్దున్నే వచ్చి చూసుకోండి."

కమిషనర్ ఈ వారంలో ఏదో ఒక రోజు ఆరూ ఏడు గంటల మధ్య వస్తాననీ, ఏ రోజో ముందుగా చెప్పననీ అన్నాడు.

బయటికి రాగానే వర్తకుడు నా దారికి అడ్డం నిలబడ్డాడు. "దేవుణ్ణి పీకించారు. మనుషుల్నీ పీకేశారు. ఇంక పార్కులో మిగిలిందెవరండి మేష్టారూ, మీరా?"

"తప్పు నాదేనండి."

"తప్పొప్పుల మాట తరవాత. రేపటినుంచి మా గొడౌన్ కుర్రాళ్ళని యాభై మందిని పొద్దున్నే దింపుతాను. ఇడ్లీ పొట్లాలు నావి. వారం పాటు తిరిగేస్తారు."

"వద్దండి. రోజూ వచ్చేవాళ్ళే రావాలి. లేనివాళ్ళను చూపించడం కూడా అబద్ధమే."

"ఓహో! నిజాయితీ ఇప్పుడు గుర్తొచ్చిందా అండి?"

నర్సు గారు ఆయన్ని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. ఏం చెప్పారో తెలియదు గానీ గొడౌన్ మనుషులు రాలేదు. ఆయన మాత్రం మర్నాటినుంచి నడవడం మొదలుపెట్టాడు, నాతో మాట్లాడకుండా.

మొదటి మూడు రోజులూ పార్కు నిండా జనమే. కమిషనర్ రాలేదు. నాలుగో రోజు అల్పపీడనం పట్టుకుంది. ఇక వాన వదల్లేదు. అయిదో రోజు ఎనిమిది మంది. ఆరో రోజు గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడితే నలుగురు కనిపించారు. ఆ నలుగురిలో ఒకడు వర్తకుడు. యాభై మందిని నేను వద్దన్న మాట ఆయనకు గుర్తుందని ఆయన చూపే చెప్పింది.

నా భార్యను ఆ రోజు ఇంట్లో బయల్దేరేముందే రావద్దన్నాను. "బాట జారుతోంది. పడితే లేవలేవు."

"డాక్టరు రోజూ నడవమన్నాడండి. వానాకాలం సెలవు ఇవ్వలేదు," అని కర్ర అందుకుంది.

ఒక పక్క నర్సు గారు, ఒక పక్క నేను. ఆమె రోజూ నడిచేది మూడు చుట్లు. మూడోది పూర్తయి మేము గేటు వైపు తిరిగేసరికి బయట ఒక తెల్ల కారు ఆగి ఉంది. వైపర్లు ఆడుతున్నాయి. వెనక సీటు అద్దం బెత్తెడు దిగింది. సందులోంచి ఫోన్ పట్టుకున్న చెయ్యి కనిపించింది.

నా భార్య కూడా చూసింది. గేటు వైపు వేసిన అడుగు వెనక్కి తీసి బాట మీదికి తిరిగింది. "ఇంకో రౌండు."

"నాలుగోది నువ్వెప్పుడూ నడవలేదు."

"ఇవాళ నడుస్తాను."

ఫౌంటెన్ దాటాక ఆమె ఎడమ కాలు మడత పడింది. నర్సు గారు నడుం పట్టి ఆపకపోతే పడిపోయేదే. సగం చుట్టులో ఉండగా కారు వెళ్ళిపోయింది. ముందుకు వెళ్ళినా వెనక్కి వచ్చినా గేటుకు అంతే దూరం. ముందుకే నడిచాం.

అది కమిషనర్ కారేనని మధ్యాహ్నం కబురు తెలిసింది. ఆయన ఎప్పుడు వచ్చాడో, ఎన్ని ఫొటోలు తీశాడో, వానలో మా కొద్దిమందినీ చూసి ఏమనుకున్నాడో తెలియదు. నిర్ణయం ఇంకా రాలేదు. ఆ సాయంత్రానికే ఆమె మోకాలు వాచింది. మూడు రోజులుగా మంచం దిగలేదు.

నేను కమిషనర్‌కు రాయడానికి కాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ నాలుగో చుట్టు ఆమె రోజూ నడిచేది కాదు. కారును చూసి నడిచింది. ఫొటోలో ఉన్నది అదే అయితే ఫైల్లోకి మా ఇంటి నుంచి ఇంకో అబద్ధం చేరినట్టే. చెబితే పార్కుకు ఏమవుతుందోనని భయం. చెప్పకపోతే నేను పన్నెండేళ్ళ కిందటి మనిషినే.

"ఏం రాస్తున్నారు?" అంది మంచం మీదనుంచి.

చెప్పాను.

"రాయండి. దాంతోపాటు మూడు రౌండ్లు రోజూ నడుస్తుందని కూడా రాయండి. అదెప్పుడూ మీరు రాయలేదు."

రాసినది కొట్టేసి కొత్త కాగితం తీసుకున్నాను. నా భార్య ఈ పార్కులో రోజూ మూడు చుట్లు నడుస్తుంది అని మొదలుపెట్టాను. నాలుగో చుట్టు సంగతి రెండో వాక్యంలో రాశాను. నర్సు గారికీ వర్తకుడికీ చదివి వినిపించి, పొద్దున్నే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. వర్తకుడు ఏమంటాడో తెలుసు. ఆమె మోకాలి మీద తడిగుడ్డ మార్చడానికి లేచాను. వాపు ఇంకా వేడిగానే ఉంది.